పటం కట్టిన చరిత్ర: నంద్యాల, ఆళ్లగడ్డ గోడల మీద ఒక సింహావలోకనం

నంద్యాలలో పటాలు కట్టే కొట్టుకు ఏ కాగితం చుట్టచుట్టి తీసుకెళ్లినా ముందు వచ్చే ప్రశ్న ఒకటే: "దేవుడిదా, మనిషిదా సార్?" దేవుడిదైతే బంగారు రంగు బీడింగు, దాని మీద లతల పనితనం, అద్దం తప్పనిసరి. మనిషిదైతే ఆ మనిషి ఉన్నాడా, పోయాడా అన్నది రెండో ప్రశ్న. పోయినవాళ్లకు వెడల్పు పట్టీ, దండ వేసేందుకు పైన కొక్కేలు. ఈ లెక్కలో ఇమడని కాగితం, బాపు గీసిందో వడ్డాది పాపయ్య వేసిందో, బల్ల మీద పరిస్తే కొట్టాయన కాసేపు తటపటాయిస్తాడు. చివరికి దేవుడి కిందో మనిషి కిందో జమకట్టి పని కానిచ్చేస్తాడు. అందుకే మన ఇళ్లలో బొమ్మ ఎంత మంచిదైనా దాని చుట్టూ ఉన్న చట్రం పెళ్లికి అరువు తెచ్చుకున్న కోటులా కనిపిస్తుంది.

ఆయన్ని తప్పుపట్టి లాభం లేదు. ఆ తటపటాయింపు వెనక ఈ ప్రాంతపు చరిత్ర చాలా ఉంది. మన దగ్గర చట్రం బొమ్మకు అందం తేవడానికి రాలేదు. బొమ్మలో ఉన్నవారికి మర్యాద చెయ్యడానికి వచ్చింది. ఆ మర్యాద ఎవరెవరికి దక్కుతూ వచ్చిందో చూస్తే ఇక్కడి గోడల కథ చాలావరకు తెలిసిపోతుంది.

కాగితం కంటే ముందు రాయి. ఆళ్లగడ్డలో ఈనాటికీ ఉలి చప్పుడు వినిపించే శిల్పశాలలున్నాయి. అక్కడి నుంచి విగ్రహాలు ఊరూరి గుళ్లకు వెళ్తుంటాయి. ఆ విగ్రహాన్ని ముందు నుంచి చూడండి. మూర్తి చుట్టూ ప్రభావళి, ఇరుపక్కలా స్తంభాలు, పైన మకర తోరణం, నడినెత్తిన సింహముఖం, అన్నీ ఒకే రాతిలోంచి. చట్రం విడిగా లేదు. మూర్తిని మలిచిన ఉలే చట్రాన్నీ మలిచింది. యూరప్‌లోనూ తొలినాళ్ల చర్చి పీఠాల బొమ్మల చట్రాలు ఇలాగే ఉండేవి. ఒకే చెక్కను అంచుల్లో ఎత్తుగా వదిలి మధ్యలో తొలిచి, ఆ పల్లంలో బొమ్మ వేసేవారు. బొమ్మ వేరు, చట్రం వేరు అయింది ఆ తర్వాతే. ఇక శ్రీశైలం ప్రాకారం బయటి ముఖం ఇంకో తీరు. రాతి వరసల మీద వరసలుగా ఏనుగులు, గుర్రాలు, వేటగాళ్లు, మునులు, శివకథలు. ఏ బొమ్మకూ ప్రత్యేకంగా అంచు చెక్కలేదు. రాయికీ రాయికీ మధ్య ఉన్న అతుకే అంచు. నా మటుకు నాకు ఈ జిల్లాలో బొమ్మలు అమర్చడంలో అంతకు మించిన పాఠం లేదు. ఇప్పుడు డ్రాయింగు రూముల్లో చిన్న పటాలను ఒకే కొలతలో ఒకే గోడకు వరసగా పెట్టేవాళ్లు తెలియకుండానే ఆ దారిలో నడుస్తున్నారు.

రాయి నుంచి చెక్క మీదికి వచ్చే దారి మనల్ని కాసేపు తంజావూరు తీసుకెళ్తుంది. 1565లో రక్కసి తంగడి యుద్ధం తర్వాత విజయనగరం చెదిరిపోయింది. దాన్ని నమ్ముకున్న చిత్రకారులు దక్షిణానికి సాగిపోయారు. వాళ్లలో రాయలసీమ వైపు నుంచి వెళ్లిన, తెలుగు మాట్లాడే రాజు కులం చిత్రకారులూ ఉన్నారు. తంజావూరు బొమ్మ అని ఇవాళ మనం కొనుక్కునేది వాళ్ల చేతిలో ఎదిగిన పనే. పనస చెక్క లాంటి పలక, దాని మీద బట్ట అంటించి సుద్ద పూత, ఎత్తుగా తీర్చిన నగలు, బంగారు రేకు, గాజు రాళ్లు. ఇంత బరువైన బొమ్మకు సన్నపాటి చట్రం ఆగదు, నప్పదు కూడా. టేకుతో అరచేయంత వెడల్పు చట్రం, ముందు అద్దం. మన తెలుగువాళ్ల మనసులో "మంచి పటం" అంటే మెదిలే రూపం అప్పుడే ఖాయమైంది. లోపల బంగారం, బయట బంగారం, నడుమ ఖాళీ అన్నదే లేకుండా నిండుగా ఉండటం. కోవెలకుంట్ల వైపు నొస్సంలో ఒకప్పుడు చెక్క మీద పూలు ఎత్తుగా తీర్చి లక్క పూసేవాళ్లు ఉండేవారు. ఆ చేతి పని మన ఇళ్ల పటాల అంచుల దాకా వచ్చి ఉంటే కథ వేరేగా ఉండేదేమో.

అయితే ఆ రోజుల్లో నంద్యాల, ఆళ్లగడ్డ పల్లెల్లో మామూలు ఇంటికి పటంతో పనేముంది? ఇల్లంటే మిద్దె. రాతి గోడలు, పైన దూలాలు, దంతెలు, వాటి మీద చవుడు మన్ను. గోడకు జాజు పట్టీ, సున్నం. దేవుడంటే గూట్లో దీపం, గోడ మీద పసుపుతో దిద్దిన నామమో విభూతి పట్టీయో. తగిలించే వస్తువేదైనా ఉంటే దానికి చిలక్కొయ్య ఉంది. గోడ మీద చదరంగా ఒక బొమ్మను వేలాడదీసి రోజూ చూసుకోవచ్చన్న ఊహ ఇళ్లలోకి రావడానికి రెండు యంత్రాలు కావలసి వచ్చాయి: ఒకటి రాతి అచ్చు, రెండోది రైలు.

1878లో కలకత్తా ఆర్ట్ స్టూడియో, అదే ఏడు పుణేలో చిత్రశాల ప్రెస్ దేవుళ్ల బొమ్మలు అచ్చు వెయ్యడం మొదలుపెట్టాయి. 1894లో రవివర్మ బొంబాయిలో ప్రెస్ పెట్టాడు; కొన్నేళ్లకే అది లోనావ్లా దగ్గరి మళవలికి మారింది, ఆ తర్వాత జర్మన్ నిపుణుడు ష్లైషర్ చేతికి పోయింది. ఒక్కో రంగుకు ఒక్కో రాయి చొప్పున ఒకే కాగితం మీద పదేపదే అచ్చు గుద్ది, చివర్న వార్నిష్ పూస్తే తైలవర్ణ చిత్రం కళ వచ్చేది. సంస్థానాధీశుల దర్బారు గోడల మీద ఉండే లక్ష్మి, సరస్వతి కోమటింటి పడసాలకు వచ్చేశారు. గుంతకల్లు నుంచి బెజవాడ పోయే రైలు మార్గం 19వ శతాబ్దం చివర్లో నంద్యాల మీదుగా పడటంతో బట్టల మూటలతో పాటు పటాల చుట్టలు దిగడం తేలికైంది. కొందరైతే కొన్న కాగితం మీద మళ్లీ జరీ ముక్కలు, పూసలు అంటించి అమ్మవారికి చీర కట్టేవారు. అలా ఉబ్బెత్తుగా తయారైన బొమ్మకు అద్దానికీ కాగితానికీ మధ్య ఎడం ఉంచి లోతైన పెట్టె చట్రం కట్టాలి. మన వడ్రంగులు ఆ పని బాగా నేర్చుకున్నారు.

ఇక్కడ అద్దం గురించి చెప్పకుండా ముందుకు పోకూడదు. పాశ్చాత్య దేశాల్లో బొమ్మకు అద్దం వేసేది దుమ్మూ పొగా తగలకుండా. మన ఇంట్లో అది పూజకు కావాలి. గంధం, కుంకుమ పెట్టేది ఆ అద్దం మీదే. శుక్రవారం తడిగుడ్డతో తుడిచి మళ్లీ బొట్టు పెట్టడానికి వీలుగా ఉండే తలం అది. అమ్మవారి నుదుట ఎక్కడ బొట్టుందో సరిగ్గా ఆ చోట అద్దం మీద వేలు పడుతుంది. ఏళ్ల తరబడి పడీ పడీ అక్కడ అద్దం కాస్త మసకబారి, బొట్టు కింద బొట్టు రెండుగా కనిపిస్తుంది. పాత పటాల అద్దం ఈనాటి అద్దంలా చదునుగా ఉండదు. 1959లో పిల్కింగ్టన్ కంపెనీ ఫ్లోట్ పద్ధతిని ప్రకటించక ముందు తయారైన అద్దంలో సన్నని అలలు, అక్కడక్కడ గాలి బుడగలు ఉంటాయి. పక్క నుంచి చూస్తే లోపలి బొమ్మ నీళ్లలో ఉన్నట్టు కదులుతుంది. అలాంటి అద్దం ఇంట్లో ఉంటే, పగిలిందన్న సాకు లేకుండా మార్చకండి.

పటం తగిలించే తీరూ పూజను బట్టే. నేల మీద కూర్చుని పైకి చూసి మొక్కే ఇల్లు కాబట్టి పటాలు తలవాకిలి పైన, దూలం కింద, ఎత్తున వరసగా ఉండేవి. కింది అంచు ఒక సన్న పలక మీద ఆనేది. పై అంచు తాడుతో కట్టి ముందుకు వాల్చి ఉండేది. వాలడం వల్ల చూసేవారికి ముఖం స్పష్టంగా కనిపిస్తుంది, తలుపు వెలుగు అద్దం మీద పడి మెరవదు. దీన్ని ఎవరూ పుస్తకంలో రాసి పెట్టలేదు గానీ అసలు సిసలు ప్రదర్శన శాస్త్రం ఇదే. కుర్చీలు, సోఫాలు వచ్చాక కూడా మనం పటాన్ని తలుపు మీదే ఉంచి, వాలు మాత్రం తీసేశాం. రెండింటికీ చెడిన పద్ధతి అది.

ఈ సీమకు తనదైన పటం ఒకటి కాదు, రెండున్నాయి. అహోబిలంలో నవ నారసింహులు, నంద్యాల చుట్టూ నవ నందులు. తొమ్మిది మూర్తులను ఒకే కాగితం మీద గళ్లు గళ్లుగా పేర్చి అచ్చు వేసిన పటం అహోబిలం వెళ్లొచ్చిన ఇంట తరచూ కనిపిస్తుంది. అచ్చులోనే ఒక్కో గడికీ అంచు ఉంటుంది. బయట మళ్లీ ఎగుడుదిగుడు పనితనంతో వెడల్పు బీడింగు వేస్తే కంటికి ఎక్కడ ఆగాలో తెలియదు. ఇలాంటి పటానికి పనితనం లేని నున్నటి టేకు పట్టీ చాలు. బనగానపల్లెలో గరిమిరెడ్డి అచ్చమ్మ ఇంట పశువులు కాస్తూ రవ్వలకొండ గుహలో కాలజ్ఞానం చెప్పిన పోతులూరి వీరబ్రహ్మేంద్ర స్వామి పటం గురించీ చెప్పాలి. చట్రాలు చేసేది ఎక్కువగా వడ్రంగం వృత్తిగా గల విశ్వబ్రాహ్మణులు, వాళ్ల కులగురువు ఆయన. కాబట్టి కొట్టులో ఎన్ని పటాలు వచ్చి పోయినా గల్లా పెట్టె పైనున్న బ్రహ్మంగారి పటం మాత్రం అక్కడే ఉంటుంది. ఆ వృత్తిలో మంచి మూల కోత చూడాలంటే దాన్ని చూడాలి. సొంత దేవుడికి కట్టుకున్న పటంలో ఎవరూ పని తగ్గించరు.

అచ్చు బొమ్మల కథలో రెండో మలుపు తిప్పింది తెలుగు మూలాలున్న మనిషే. సి. కొండయ్య రాజు, 1898లో పుట్టి 1976లో పోయాడు. మద్రాసు ఆర్ట్ స్కూల్లో చదివి, కొన్నాళ్లు తిరువణ్ణామలైలో రమణ మహర్షి సన్నిధిలో గడిపి, నాటకాల తెరలు రాసుకుంటూ చివరికి కోవిల్‌పట్టిలో స్థిరపడ్డాడు. పక్కనే శివకాశి. ఆయనా శిష్యులూ వేసిన మురుగన్, లక్ష్మి, కృష్ణుడు శివకాశి కాలెండర్ల మీద దక్షిణాది అంతా పాకారు. రవివర్మ పటం కొనుక్కోవాలి. కాలెండరు ఊరికే వస్తుంది. విత్తనాల కొట్టు, ఎరువుల కొట్టు, బంగారు అంగడి జనవరిలో ఇచ్చిన కాలెండరును డిసెంబరు దాకా వాడుకుని, తేదీల కట్ట చించేసి, బొమ్మను మాత్రం పటం కట్టించుకోవడం మన పల్లెల ఆనవాయితీ. కింద కొట్టు పేరుండే భాగాన్ని కత్తిరించాలా వద్దా అన్న దాని మీద ఇళ్లల్లో చర్చలు జరిగేవి. వదిలేసినవాళ్ల పుణ్యమా అని ఇవాళ ఎన్నో కొట్ల పేర్లు ఆ పటాల అడుగునే బతికున్నాయి. 1957లో మాయాబజార్ వచ్చాక కృష్ణుడి ముఖం కూడా మారిపోయింది. ఎన్.టి. రామారావు కృష్ణ వేషం ఫోటో అసలు దేవుళ్ల పటాల పక్కనే చేరి బొట్టు పెట్టించుకుంది.

మనుషుల పటాలది వేరే సంగతి. కంపెనీ దొరల మీద తిరగబడ్డ ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని కోవెలకుంట్లలో ఉరి తీసింది 1847 ఫిబ్రవరి 22న. ప్రపంచానికి ఫోటోగ్రఫీ గురించి తెలిసి అప్పటికి ఎనిమిదేళ్లు. ఆళ్లగడ్డ, కోవెలకుంట్ల వైపు ఇళ్లలో, బడుల్లో ఆయన పటాలున్నాయి గానీ ఆ ముఖం తర్వాతి చిత్రకారుల ఊహే. అయినా దానికి దండ పడుతూనే ఉంది. ఫోటో స్టూడియోలు ఊళ్లలోకి వచ్చాక ఊహతో పని లేకుండా పోయింది. కుర్చీలో కూర్చున్న తాత, భుజం మీద చెయ్యి వెయ్యకుండా పక్కన నిలబడ్డ అవ్వ. నలుపు తెలుపు ఫోటో మీద చేత్తో రంగులు అద్ది, పన్నెండు పదిహేను అంగుళాలకు పెంచి ఇచ్చేవారు. ఆ కాలపు మంచి అలవాటు ఒకటి మనం పోగొట్టుకున్నాం. ఫోటో చుట్టూ నాలుగు వేళ్ల వెడల్పున తెల్ల అట్ట వదిలేవారు, స్టూడియో పేరు మూలన ఉబ్బెత్తు అచ్చులో ఉండేది. అందులో తాత ఊపిరాడుతున్నట్టు ఉండేవాడు. తర్వాత్తర్వాత అట్ట ఖర్చు దండగన్నారు, ఫోటోను అంచు దాకా లాగి బిగించారు.

ప్రభుత్వ కార్యాలయాల గోడలకూ ఇక్కడి చరిత్రకూ చిన్న చుట్టరికం ఉంది. 1977లో ఆంధ్రప్రదేశ్‌లో జనతా పార్టీ గెలిచింది ఒక్క నంద్యాల సీటే. గెలిచిన నీలం సంజీవరెడ్డి నెలల తేడాలోనే రాష్ట్రపతి అయ్యారు, నంద్యాల తాలూకాఫీసు నుంచి ఢిల్లీ దాకా గోడల మీదికి ఎక్కారు. 1991లో ఇదే నంద్యాల ప్రధాని పి.వి. నరసింహారావును 5 లక్షల 80 వేల పైచిలుకు మెజారిటీతో పార్లమెంటుకు పంపింది. ఆ పటాలన్నిటికీ ఒకే కొలత, ఒకే నల్లటి చట్రం. మనిషి మారితే కాగితం మారుతుంది, చట్రం మారదు. ప్రభుత్వానికి ఇది పొదుపు, గోడకు ఇది నిలకడ. ఇళ్లలో ఈ సూత్రం పాటించేవాళ్లు అరుదు.

చట్రం సరుకు ఎలా మారిందో చూడండి. నల్లమల దగ్గరి ఊళ్లకు టేకు కొత్త కాదు. మద్ది, వేప కూడా వాడారు. వడ్రంగి చేతిరంపంతో మూలలు నలభై అయిదు డిగ్రీల్లో కోసి, మేకులు కొట్టి, వెనక పలచని చెక్క బిగించేవాడు. ఆ తర్వాత టేకు ధర కొండెక్కింది. ప్లాస్టిక్ నురగతో పోసిన బీడింగు పది అడుగుల కడ్డీలుగా దిగింది. బంగారం, వెండి, రోజ్‌వుడ్, ఏది కావాలంటే ఆ రంగు. కాలితో తొక్కే మిషను మీద నాలుగు కోతలు, వజ్రం కలంతో అద్దం మీద ఒక గీత, వేళ్లతో చిన్న విరుపు, అరగంటలో పటం చేతిలో. చెద పట్టదు, తేలిక, చవక. దాన్ని చిన్నచూపు చూడక్కర్లేదు. నాకు పడనిది దాని తర్వాత వచ్చిన లామినేషనుతో. ఫోటోను చెక్క పొడి పలక మీద జిగురుతో అంటించి, పైన ప్లాస్టిక్ పొర వేడితో అతికించేస్తారు. అద్దం లేదు, పగలదు, మెరుస్తుంది. కానీ ఆ కాగితం మళ్లీ బయటికి రాదు. కొన్నేళ్లకు పొర లేచి బుడగలొస్తే బొమ్మతో సహా పారెయ్యడమే. అవ్వాతాతల ఒకే ఒక్క ఫోటోను ఇలా బలిపెట్టిన ఇళ్లు ఎన్నో.

ఇప్పుడు దేవుడిదీ మనిషిదీ కాని ఆ మూడో రకం కాగితానికి వద్దాం. రాజమండ్రిలో దామెర్ల రామారావు 28 ఏళ్లు నిండకుండానే, 1925లో వెళ్లిపోయాడు. ఆయన బొమ్మలు చూడాలంటే అక్కడి చిత్రశాలకు పోవాలి. తెలుగువాళ్ల ఇంటికి "కళ" అన్నది చేర్చింది పత్రికలు. 1947లో మొదలైన చందమామకు వడ్డాది పాపయ్య వేసిన ముఖచిత్రాలు, యువ దీపావళి సంచికల్లో ఆయన రాగాల బొమ్మలు, ఋతువుల బొమ్మలు. వాటిని జాగ్రత్తగా కోసి పటం కట్టించుకున్నవాళ్లు నంద్యాలలోనూ ఉన్నారు. పూజ లేదు, దండ లేదు, కేవలం చూడటానికే. గోడ మీద అది కొత్త సంగతి. బాపు (1933–2014) గీత తర్వాత వచ్చి ఇంకో అడుగు వేసింది. ఆ గీతలో గియ్యనిదే ఎక్కువ. ఖాళీ జాగా బొమ్మలో భాగం.

వీటికి దేవుడి పటం చట్రం ఎందుకు నప్పదో ఇక వేరే చెప్పనక్కర్లేదు. పాపయ్య బొమ్మలో రంగు పొగమంచులా ఒకదాంట్లోకి ఒకటి జారుతుంది, పక్కన మెరిసే బంగారు రంగు పడితే అదంతా వెలిసినట్టు కనిపిస్తుంది. దానికి పాత తేనె రంగు టేకు, లోపల బొమ్మ చుట్టూ మీగడ రంగు అట్ట, అంటే మౌంటు. బాపుకు సన్నటి నల్ల పట్టీ, చుట్టూ మూడంగుళాల తెల్ల మౌంటు, కింది వైపు ఇంకో అర అంగుళం ఎక్కువ. ఇంగ్లండులో అచ్చు చిత్రాలకు హోగార్త్ పేరు మీద చలామణీ అయ్యే చట్రం కూడా దాదాపు ఇదే, నల్ల పట్టీ, లోపల సన్నటి బంగారు గీత. పత్రికలోంచి కోసిన చిన్న బొమ్మకు పెద్ద మౌంటు వేస్తే డబ్బు వృథా అనుకోకండి, పన్నెండు పద్దెనిమిది అంగుళాల చట్రంలో పోస్టుకార్డంత బొమ్మ రాజాలా ఉంటుంది. తంజావూరు బొమ్మ కొంటే మాత్రం వెనకాడకుండా వెడల్పు చట్రమే కట్టించండి. అక్కడ సంకోచమే తప్పు.

మౌంటు అందానికే కాదు. కాగితం అద్దానికి తగలకుండా ఎడం ఉంచేది అదే. ముసురు పట్టిన రోజుల్లో అద్దం లోపలి వైపు చెమ్మ చేరితే, అంటుకున్న కాగితం విడదీసేటప్పుడు రంగు అద్దానికే ఉండిపోతుంది. అట్ట సంగతీ చూసుకోవాలి. చవక అట్టలో ఉండే ఆమ్లం ఏళ్ల మీద బొమ్మలోకి దిగి, మౌంటు కోసిన అంచు వెంట గోధుమ రంగు గీత తెస్తుంది. మ్యూజియాల వాళ్లు వాడే మేలురకం మౌంటు నూటికి నూరు పాళ్లు పత్తి పీచుతో చేస్తారు. పత్తికి పేరుపడ్డ ఊరు నంద్యాల. 1906 నాటి వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉన్న ఊరు, నరసింహ అనే పత్తి రకాన్ని దేశానికిచ్చిన ఊరు. ఈ ఊళ్లో పత్తి మౌంటు కావాలంటే హైదరాబాదు నుంచో బెంగళూరు నుంచో తెప్పించుకోవాలి. తెప్పించుకోలేకపోతే కనీసం బొమ్మకూ వెనక అట్టకూ మధ్య ఒక మంచి తెల్ల కాగితం వెయ్యమనండి. బొమ్మను జిగురుతో, సెల్లో టేపుతో అంటించనివ్వకండి. పై అంచున రెండు చోట్ల గోధుమ గంజితో పలచని కాగితం ముక్కలు అంటిస్తే చాలు, ఎప్పుడైనా తడిపి విప్పుకోవచ్చు.

ఎండ గురించి ఈ సీమవాళ్లకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు గానీ పటాల విషయంలో మాత్రం మరిచిపోతాం. పడమటి కిటికీ ఎదురుగోడ మీద పెట్టిన అచ్చు బొమ్మలో ముందు ఎరుపూ పసుపూ పోతాయి. నీలం మిగులుతుంది. పాత హోటళ్లలో నీలి రంగు వేంకటేశ్వరస్వామి అలా తయారైనవాడే. అతినీలలోహిత కిరణాలను ఆపే అద్దం, అక్రిలిక్ పలక దొరుకుతున్నాయి, ఖరీదు మామూలు అద్దానికి కొన్ని రెట్లు. ఆ డబ్బు పెట్టే ముందు గోడ మార్చి చూడటం ఉచితం.

గోడ అంటే గుర్తొచ్చింది. బేతంచెర్ల, బనగానపల్లె నాపరాళ్లతో కట్టిన పాత ఇళ్లలో రాయి మధ్యలో మేకు దిగదు, పట్టుబడితే పలక చీలుతుంది. అతుకులోనే చోటు వెతకాలి, లేదా పాత చిలక్కొయ్యకే తీగ కట్టాలి. కొత్త ఫ్లాట్లలో డ్రిల్లు ఉంది కాబట్టి ఎక్కడైనా పెట్టొచ్చు. పటం నడిమి భాగం నిలబడ్డ మనిషి కంటి ఎత్తుకు, నేల నుంచి అయిదడుగులకు కాస్త తక్కువగా వచ్చేలా చూసుకుంటే తల ఎత్తక్కర్లేదు. వెనక కింది మూలల్లో రెండు చిన్న రబ్బరు బిళ్లలు అంటిస్తే గోడకూ పటానికీ మధ్య గాలి ఆడుతుంది, చెద దారి కట్టినా ముందే కంటబడుతుంది. మూడు నాలుగేళ్లకోసారి దించి వెనక అట్ట విప్పి చూసుకోవాలి. వానాకాలం తడి పట్టే గోడ ఏదో ఆ ఇంట్లో ఉన్నవాళ్లకే తెలుస్తుంది, ఆ గోడను ఖాళీగా వదిలెయ్యడమే మేలు.